నీళ్ళకు వాటం, అమ్మమ్మకు ఊతం

చిట్టితల్లీ, బాత్రూం పని ఎంతవరకు వచ్చిందని ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతున్నావు. మురుగు గొట్టాలు మార్చాను, నేల కాంక్రీటు గట్టిపడింది, గోడలకు సగం ఎత్తు దాకా టైల్స్ ఎక్కాయి. కమోడ్ ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. ఈ పనిలో నీళ్ళూ సిమెంటూ మనం తొందరపెడితే తొందరపడవు, వాటి లెక్క వాటిది. ఆ లెక్క చూస్తూ పనిచేయడం నాకెంతో ఇష్టం. రిటైరయ్యాక తీరిక దొరికింది గనక పగలగొట్టడానికి మాత్రం ఒక మనిషిని పెట్టుకుని మిగతాది నేనే చేస్తున్నాను.

అమ్మమ్మకు రెండు మోకాళ్ళూ మార్చారు కదా, మేడమెట్లు ఎక్కడం కష్టమని కింది వాటాలోకి దిగిపోయాం. కిందేమో పాతకాలపు బాత్రూం. గొంతుక్కూర్చునే బేసిన్, నున్నటి గచ్చు, లోపలికి తెరుచుకునే తలుపు. పైగా మీ అమ్మ పురిటికి వస్తోంది. మోకాళ్ళు మార్పించుకున్న మనిషికీ, నెలలు నిండిన మనిషికీ, ఆ తర్వాత పసివాడి స్నానానికీ ఆ ఒక్క గదే సరిపోవాలి.

ముందు వాటం చూసుకున్నాను. నేల ఏ మూల నుంచైనా జాలీ వైపు మీటరుకు ఒక సెంటీమీటరు పైచిలుకు దిగాలి. అంతకంటే తక్కువైతే నీళ్ళు నిలుస్తాయి, మరీ ఎక్కువైతే నిలబడే కాలికి ఇబ్బంది. దీనికి రసమట్టం ఉన్నా నాకు నచ్చింది లెవెల్ పైపే. పారదర్శకమైన సన్న గొట్టంలో నీళ్ళు పోసి ఒక కొస ఈ గోడకి, మరో కొస ఆ గోడకి పట్టుకుంటే రెండు కొసల్లోనూ నీళ్ళు సరిగ్గా ఒకే మట్టంలో నిలుస్తాయి. మధ్యలో గొట్టం ఎన్ని వంపులు తిరిగినా సరే. లోపల గాలిబుడగ మాత్రం ఉండకూడదు.

జాలీ కింద నహానీ ట్రాప్ ఉంటుంది. గది మొత్తంలో నాకు అత్యంత ప్రియమైన వస్తువు అదే. దాని వంపులో ఎప్పుడూ 50 మిల్లీమీటర్ల లోతున నీళ్ళు నిలిచి ఉంటాయి. పైనుంచి పడ్డ నీళ్ళు పాతనీళ్ళను తోసేసి వాటి చోట నిలుస్తాయి. మురుగు గొట్టంలోని గాలి మాత్రం ఆ నీళ్ళను దాటి ఇటు రాలేదు. కదిలే భాగం ఒక్కటీ లేదు, అరిగేదీ లేదు! కమోడ్ కింద ఎస్ ఆకారంలో వంచిన గొట్టం పెట్టే పద్ధతికి 1775లో పేటెంటు తీసుకున్నవాడు అలెగ్జాండర్ కమ్మింగ్. స్కాట్లాండులో పుట్టి లండన్‌లో గడియారాలు చేసినవాడు. ఇంట్లో పారదర్శకమైన గొట్టం ముక్క ఉంటే యు ఆకారంలో వంచి అడుగున కాసిని నీళ్ళు పోయి. ఒక కొసన అగరొత్తి పొగ పట్టించు. రెండో కొసనుంచి పొగ వస్తుందేమో చూసి నాకు చెప్పు.

వాడకం లేకపోతే ఆ నీళ్ళు ఆవిరైపోతాయి. ఊరెళ్ళి వచ్చి బాత్రూం తలుపు తీయగానే కొట్టే కంపు అందువల్లే. ఇది ఒట్టి కంపుతో పోయే వ్యవహారం కాదు. 2003లో హాంకాంగ్‌లో సార్స్ వ్యాపించినప్పుడు అమోయ్ గార్డెన్స్ అనే భవనాల సముదాయంలో 300 మందికి పైగా జబ్బు పడ్డారు. అక్కడివాళ్ళు బాత్రూం నేలను కడగకుండా తుడుచుకునేవారట. దాంతో చాలా ఇళ్ళలో ట్రాపులు ఎండిపోయాయి. గాలి బయటికి తోసే ఫ్యాన్లు వేసినప్పుడు మురుగు గొట్టంలోని తుంపరలు ఇళ్ళలోకి వచ్చాయని దర్యాప్తులో తేలింది. మన పైవాటా ఇప్పుడు ఖాళీ కదా, అందుకే వారంవారం పైకెళ్ళి ఒక్కో జాలీలో చెంబెడు నీళ్ళు పోసి వస్తున్నాను. ఎక్కువ రోజులు ఊళ్ళో ఉండకపోతే ట్రాపులోని నీళ్ళ పైన కాస్త వంటనూనె వేస్తే చాలు, ఆవిరవడం బాగా తగ్గిపోతుంది.

సిమెంటు ఆరితే గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. అది ఆరడం కాదమ్మా, నీళ్ళతో కలిసి కొత్త పదార్థంగా మారడం. 1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్డిన్ పేటెంటు తీసుకున్నప్పటినుంచీ దాన్ని పోర్ట్‌లాండ్ సిమెంటు అంటున్నారు. నీళ్ళడుగున కూడా అది గట్టిపడుతుంది. కాంక్రీటు బలాన్ని 28వ రోజున పరీక్షించడం రివాజు. ఎండకు వదిలేస్తే లోపలి నీళ్ళు పోయి ఆ మార్పు మధ్యలోనే ఆగిపోతుంది. అందుకే నేలమీద తడిగోనెలు కప్పి పొద్దునా సాయంత్రమూ నీళ్ళు కొట్టాను. గోడలకు పెట్టే సిరామిక్ టైల్స్‌నీ ముందు నీళ్ళలో నానబెట్టాను. వాటి వీపున కంటికి కనపడని రంధ్రాలు బోలెడు. పొడిగా అంటిస్తే సిమెంటుకి కావలసిన నీళ్ళు అవే పీల్చేస్తాయి, ఇక టైల్ పట్టు నిలవదు. రంధ్రం ఎంత సన్నదైతే నీళ్ళు అంత పైకి పాకుతాయి. ఒక మిల్లీమీటరు గాజుగొట్టంలో మూడు సెంటీమీటర్లు ఎక్కితే, దాంట్లో పదోవంతు సన్నని గొట్టంలో ముప్ఫై సెంటీమీటర్లు ఎక్కుతాయి. గోడలో చెమ్మ పైకెక్కేదీ అలాగే. అందుకే టైల్స్ కంటే ముందు నేలకీ, గోడల అడుగుకీ వాటర్‌ప్రూఫ్ పూత పూశాను.

నేల టైల్స్ ఎంచుకోవడానికి మాత్రం చాలా ఆలోచించాను. తడికాలు నున్నటి నేల మీద పడితే మడమకీ టైల్‌కీ మధ్య పలచని నీటిపొర ఇరుక్కుంటుంది. అది తప్పుకునేలోగా మన బరువంతా ఆ పొర మీదే ఉంటుంది. నీళ్ళకు మనల్ని ఆపే శక్తి లేదు. గరుకుతనం, అతుకుల గీతలు ఉంటే నీళ్ళు వాటిలోంచి పక్కకు జారుకుంటాయి, కాలు నేలను తాకుతుంది. జర్మనీలో దీనికో పరీక్ష ఉంది. టైల్స్ పరిచిన వాలుబల్ల మీద సబ్బునీళ్ళు పారిస్తూ, నడుముకి తాడు కట్టుకున్న మనిషిని ఉత్తకాళ్ళతో అటూఇటూ నడిపిస్తారు. బల్లను కొద్దికొద్దిగా ఎత్తుతూ ఎక్కడ జారాడో చూస్తారు. 12 డిగ్రీల దాకా నిలిస్తే ఎ తరగతి, 18 అయితే బి, 24 అయితే సి. మెరిసే పెద్ద పలకలు చూడ్డానికి బాగానే ఉన్నా, నేను గరుకు చిన్నవే తెచ్చాను. అతుకులు ఎక్కువ వస్తాయి, నాలుగు వైపుల వాటానికి చక్కగా ఒదుగుతాయి కూడా.

ఇప్పుడు నువ్వొక పని చెయ్యి. కుర్చీలో నిటారుగా కూర్చో. పాదాలు ముందుకు పెట్టు. ముందుకు వంగకుండా లేవడానికి చూడు. లేవలేవు. మన బరువు పాదాల మీదికి వస్తేనే లేవగలం, అందుకే తెలియకుండానే ముందుకు వంగుతాం. కుర్చీ తక్కువ ఎత్తుంటే మోకాళ్ళ మీద భారం మరీ పెరుగుతుంది. అమ్మమ్మ కోసం మామూలుకంటే కాస్త ఎత్తు కమోడ్ తెచ్చాను. పక్కగోడకు స్టీలు పట్టీ బిగిస్తున్నాను, కూర్చున్న మనిషి చెయ్యి ముందుకు చాపితే అందే చోట. దాన్ని పట్టుకుంటే ఒళ్ళు దానంతటదే ముందుకు వస్తుంది. పట్టీ మరలు పూత దాటి ఇటుకలోకి దిగాలి. మనిషి బరువు మోసేదాన్ని తువ్వాళ్ళ కడ్డీలా బిగిస్తే కుదరదు. కడుపుతో ఉన్న మీ అమ్మకి బరువు ముందుకు మారి ఉంటుంది, నడుముకి బాధ. తనకీ అదే పట్టీ పనికొస్తుంది.

గీజరు వైరింగు నేను ముట్టుకోలేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి, 30 మిల్లీయాంపియర్లు లీకైతే చాలు క్షణంలో కరెంటు ఆపేసే స్విచ్ పెట్టి వెళ్ళాడు. తడి ఒంటితో ఉండే చోట అది తప్పనిసరి.

ఇంకా నేల టైల్స్, కమోడ్, తలుపు మిగిలాయి. తలుపు లోపలికి తెరుచుకుంటే, లోపల పడ్డ మనిషే దానికి అడ్డమవుతారు, బయటివాళ్ళు ఎంత తోసినా రాదు. అందుకని బందులు మార్చి బయటికి తెరుచుకునేలా పెడుతున్నాను. గడియ కూడా బయటినుంచి నాణెంతో తిప్పితే ఊడే రకం తెచ్చాను. మీ అమ్మకి చెప్పు, తను వచ్చేసరికి తలుపు పని అయిపోతుంది. స్నానానికి పీట తక్కువ ఎత్తుది వద్దని అమ్మమ్మ అంటోంది, వస్తూ కాస్త ఎత్తైనది మీ ఊళ్ళో దొరికితే పట్టుకురమ్మను.