గట్టి పార్టీని ఫ్రీ టూల్స్‌తో పట్టుకోవడం ఎలా? ఆటోనగర్‌లో మేం చేసి చూసిన పద్ధతి

మా ఇల్లు పటమటలో. బండి తీస్తే కాసేపట్లో ఆటోనగర్. అక్కడ మా మావయ్యకి లారీ బాడీలు కట్టే చిన్న షెడ్డు ఉంది. ఎక్కువగా పికప్ బండ్లకి, చిన్న లారీలకి ఇన్సులేటెడ్ బాడీలు కడతాడు. అంటే చేపలు, రొయ్యలు ఐస్‌లో పెట్టి తీసుకెళ్లే డబ్బా బాడీలు అన్నమాట. 2025 సెప్టెంబర్‌లో షెడ్డులో ఒక్క ఛాసిస్ కూడా లేని వారాలు వచ్చాయి. ఇద్దరు వెల్డర్లని పండగ దాకా ఇంటికి పంపేద్దామా అనే మాట కూడా మొదలైంది.

అప్పటికే మావయ్య లీడ్స్ అమ్మే ఒక కంపెనీకి 18 వేలు కట్టి ఉన్నాడు. రోజుకి రెండు మూడు ఎంక్వైరీలు వచ్చేవి. ఫోన్ చేస్తే ఒకాయన "ఊరికే రేటు కనుక్కుందామని అండి" అంటాడు. ఇంకొకాయనకి అసలు బండే లేదు. మూడో ఆయనకి మాకంటే ముందే ఐదారుగురు ఫోన్ చేసేసి ఉంటారు. "నువ్వు సాఫ్ట్‌వేర్ కదరా, ఆ ఫోన్‌లోనే ఏదో ఒకటి చెయ్యి" అన్నాడు మావయ్య.

ముందు నేను చేసిన తప్పు చెప్తా, మీరు చేయకండి. ఒక ఫ్రీ బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌తో మ్యాప్స్ నుంచి 400 నంబర్లు లాగేశాను. ఇలా లాగడం గూగుల్ రూల్స్‌కి విరుద్ధం, అది తెలిసే చేశాను. ఆ రాత్రే మావయ్య వాట్సాప్ నుంచి అందరికీ ఒకే మెసేజ్ కొట్టాను. పొద్దున్నకి అకౌంట్ బ్యాన్. పాత కస్టమర్లు కొలతలు, ఫోటోలు పంపేది ఆ నంబర్‌కే. మళ్లీ తెరుచుకునేసరికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ నేను షెడ్డు వైపు వెళ్లలేదు.

అసలు క్వాలిఫైడ్ లీడ్ అంటే?

సేల్స్ వాళ్లు దీనికి పెద్ద పెద్ద ఫార్ములాలు చెప్తారు. ఆటోనగర్‌లో ఒకటే ప్రశ్న: "పార్టీ గట్టిదేనా?" ఆ ప్రశ్నని విడదీస్తే లోపల మూడు ఉన్నాయి. మనం చేసే పని అతనికి అవసరమా? డబ్బు పెట్టగలడా, ఆ నిర్ణయం అతనిదేనా? ఇప్పుడే కావాలా, ఎప్పుడో కావాలా? ఫోన్ నంబర్ దొరికితే ఈ మూడింట్లో ఒక్కదానికీ జవాబు దొరికినట్టు కాదు. నా 400 నంబర్ల కథ అక్కడే ఫెయిల్ అయింది.

ఈ మూడింటికీ చాలావరకు జవాబులు ఫ్రీగా, అందరికీ కనిపించేలా, లీగల్‌గానే నెట్‌లో ఉన్నాయి. లాప్‌టాప్ కూడా అక్కర్లేదు. నేను మొత్తం ఫోన్‌లోనే చేశాను. ఒకటి రెండు ప్రభుత్వ సైట్లకి మాత్రం క్రోమ్‌లో "డెస్క్‌టాప్ సైట్" టిక్ పెట్టుకోవాలి.

అవసరం ఎవరికి? మ్యాప్స్‌లో ఫోటోలు చూడండి

ఈసారి గూగుల్ మ్యాప్స్‌ని నంబర్ల కోసం కాకుండా కళ్లతో చూడ్డానికి వాడాను. "ఐస్ ఫ్యాక్టరీ", "ఫిష్ ప్యాకింగ్", "కోల్డ్ స్టోరేజ్" అని ఒక్కో ఊరికి విడివిడిగా వెతికాను: గుడివాడ, కైకలూరు, ఆకివీడు, భీమవరం. ఒకేసారి విజయవాడ చుట్టుపక్కల అని వెతికితే సగం కనిపించవు. ప్రతి లిస్టింగ్‌లో ఫోటోల ట్యాబ్ తెరవండి. ఓనర్ పెట్టిన ఫోటోల కంటే కస్టమర్లు, డ్రైవర్లు పెట్టినవి మనకి పనికొస్తాయి. వెనకాల నిలబడ్డ బండ్లు కనిపిస్తాయి కదా, అవి సొంత బండ్లా, ఏ సైజు, బాడీ ఎంత పాతది అన్నది అక్కడే తెలిసిపోతుంది. ఒక ఫోటోలో డబ్బా మూల నుంచి కారిన నీళ్లు చూసి "ఈ బాడీ ఇంకో ఏడాది ఆగదు" అని మావయ్య చెప్పాడు. అది ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు.

నచ్చినవాటిని మ్యాప్స్‌లోనే ఒక లిస్ట్‌లో సేవ్ చేసుకుంటూ పోయాను. 62 వచ్చాయి.

డబ్బు పెట్టగలడా? జీఎస్‌టీ పోర్టల్

ఈ ట్రిక్ నాకు బాగా నచ్చింది. జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు తమ నంబర్‌ని బోర్డు మీద రాయాలని రూల్ ఉంది. కాబట్టి షాపు ముందు తీసిన ఫోటోలో ఆ 15 అక్షరాల నంబర్ చాలాసార్లు దొరుకుతుంది. గూగుల్ లెన్స్‌తో దాన్ని కాపీ చేసి, జీఎస్‌టీ పోర్టల్‌లో "సెర్చ్ ట్యాక్స్‌పేయర్" దగ్గర పేస్ట్ చేయండి. లాగిన్ అక్కర్లేదు, క్యాప్చా కొడితే చాలు. వ్యాపారం పేరు, ఎప్పుడు రిజిస్టర్ అయింది, యాక్టివ్‌గా ఉందా, క్యాన్సిల్ అయిందా అన్నీ వస్తాయి. కింద ఫైలింగ్ టేబుల్ తెరిస్తే రిటర్నులు ఏ తేదీన వేశారో కూడా కనిపిస్తుంది. నెలనెలా టైమ్‌కి వేస్తున్నాడంటే వ్యాపారం నడుస్తున్నట్టు. కొన్ని నెలలుగా టేబుల్ ఖాళీగా ఉంటే, అడ్వాన్స్ లేకుండా ఆ బండికి వెల్డింగ్ రాడ్ ముట్టించొద్దు.

నంబర్‌ని చూసి కూడా కొంత చెప్పొచ్చు. మొదటి రెండు అంకెలు రాష్ట్రం: ఆంధ్రప్రదేశ్ 37, తెలంగాణ 36. తర్వాతి పది అక్షరాలు పాన్ నంబర్. మొత్తంలో ఆరో అక్షరం పి అయితే ఒక వ్యక్తి పేరు మీద వ్యాపారం, ఎఫ్ అయితే భాగస్వాముల ఫర్మ్, సి అయితే కంపెనీ. ఫోన్ ఎత్తిన మనిషే నిర్ణయం తీసుకుంటాడా, ఇంకో ఇద్దర్ని అడగాలా అని ముందే ఒక అంచనా వస్తుంది.

ఈ చెక్‌తో 62 కాస్తా 19 అయ్యాయి. గర్వంగా షీట్ చూపించాను. మావయ్య తీసేసిన పేర్లన్నీ ఓపిగ్గా చదివి, ఒక దగ్గర ఆగాడు. "కైకలూరు ఆయన్ని ఎందుకు తీసేశావు?" జీఎస్‌టీ నంబర్ లేదు మావయ్యా అన్నాను. "ఒరేయ్, పచ్చి చేపలకి జీఎస్‌టీ ఎక్కడుందిరా?"

నిజమే. తాజా చేపలకి పన్ను లేదు. పన్ను లేని సరుకు మాత్రమే అమ్మేవాడికి రిజిస్ట్రేషనే అక్కర్లేదు. రోజూ లారీల కొద్దీ సరుకు పంపే పార్టీకి కూడా ఆ నంబర్ లేకపోవచ్చు. నా ఫిల్టర్ సరిగ్గా మాకు కావాల్సిన వాళ్లనే బయటికి నెట్టేసింది. అలా పోయినవాళ్లని తొమ్మిది మందిని మళ్లీ లోపలికి తెచ్చాం. కాబట్టి మీ వ్యాపారం ఏదైనా, ఏ ఫిల్టర్ పెట్టినా, అది తీసేసిన లిస్ట్‌ని ఆ ఫీల్డ్ తెలిసిన మనిషికి ఒకసారి చూపించండి.

ఇప్పుడే కావాలా?

మూడింట్లో కష్టమైంది ఇదే. మొదట వాహన్ డాష్‌బోర్డ్ మీద చాలా ఆశ పెట్టుకున్నా. రవాణా శాఖ సైట్ అది, ఏ ఆర్టీఓ ఆఫీసులో ఏ నెల ఎన్ని గూడ్స్ బండ్లు రిజిస్టర్ అయ్యాయో ఫ్రీగా చూపిస్తుంది. పేర్లు ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా. పైగా మా పనిలో ఛాసిస్ కొని, బాడీ కట్టించి, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూశాకే పర్మనెంట్ రిజిస్ట్రేషన్. అంటే వాహన్‌లో కనిపించే బండికి బాడీ ఎవరో కట్టేశారు. ఏ ఏరియాలో ఏ నెలల్లో ఊపు ఉంటుందో చూసుకోవడానికి బాగుంటుంది, రేపటి కస్టమర్ కోసం మాత్రం కాదు.

పని చేసింది వేరే: "డ్రైవర్ కావలెను". బండి పెంచుకునేవాడు ముందు డ్రైవర్ని వెతుక్కుంటాడు. ఫేస్‌బుక్‌లో ఊరి పేరు కలిపి తెలుగులో ఈ మాటలు వెతికి, కొత్త పోస్టులే చూశాను. గూగుల్‌లో అయితే మాటలని కొటేషన్ మార్కుల్లో పెట్టి, టూల్స్‌లో "గత నెల" ఎంచుకోవాలి. ఇంగ్లిష్‌లో వెతికితే ఏజెన్సీల యాడ్సే వచ్చాయి. తెలుగులో వెతికితే అసలు ఓనర్లు దొరికారు. అవే మాటలతో గూగుల్ అలర్ట్స్ కూడా పెట్టాను కానీ పెద్దగా ఏమీ రాలేదు.

వార్తలు కూడా చూడాలి. 2025 ఆగస్టు 27న మన సరుకుల్లో చాలావాటి మీద అమెరికా సుంకం 50 శాతానికి పెరిగింది. రొయ్యలకి అది పెద్ద మార్కెట్. మా లిస్ట్‌లో రొయ్యల ఎగుమతి మీద నడిచే పార్టీలు ఎంత గట్టివైనా, ఆ నెలల్లో కొత్త బండి మాటే ఎత్తరు. వాళ్లని "తర్వాత" అనే కాలమ్‌లోకి మార్చాం. కైకలూరు వైపు చేపలు బెంగాల్, అస్సాం లాంటి మన రాష్ట్రాలకే వెళ్తాయి, ఆ సుంకంతో వాటికి నేరుగా సంబంధం లేదు. ముందు ఫోన్లు అటే చేశాం.

ప్రభుత్వ టెండర్ల కోసం జెమ్ పోర్టల్ కూడా చూశాను. బిడ్లు ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. మేం చూసినవాటిలో అడిగిన టర్నోవర్ మా షెడ్డుకి లేదు, వదిలేశాం.

ఫోన్ ఎలా చేశాం

గూగుల్ షీట్‌లో ఒక్కో పార్టీకి ఆ మూడు ప్రశ్నలకి తలా ఒక మార్కు. మూడుకి మూడు వచ్చినవాళ్లకే ఫోన్. మొత్తం ఏడుగురు. వాళ్లు లిస్టింగ్‌లోనో పోస్టులోనో వ్యాపారం కోసం తామే పెట్టుకున్న నంబర్లకే చేశాం. సొంత మొబైల్ నంబర్ నుంచి గుంపుగా ప్రమోషన్ కాల్స్ చేస్తే ట్రాయ్ రూల్స్ ప్రకారం ఆ నంబరే కట్ అవుతుంది. 2023 డేటా ప్రొటెక్షన్ చట్టం కూడా ఉంది, ఎక్కడో కొన్న నంబర్ల లిస్ట్ జోలికి అస్సలు వెళ్లకండి.

మాట్లాడింది మావయ్యే. "నమస్తే అండి, విజయవాడ ఆటోనగర్ నుంచి. మ్యాప్స్‌లో మీ బండి ఫోటో చూశానండి, వెనక డోర్ రబ్బరు పోయినట్టుంది, ఐస్ త్వరగా కరుగుతోందా?" అంతే. రేటు చెప్పలేదు, డిస్కౌంట్ అనలేదు. ఏడుగురిలో ఐదుగురు మాట్లాడారు. వాళ్లు అడిగాకే వాట్సాప్ బిజినెస్ క్యాటలాగ్ లింక్ పంపాం. లేబుల్స్‌లో "కొలతలు పంపాడు", "అడ్వాన్స్ రావాలి" అని పెట్టుకుంటే ఎవరు ఎక్కడున్నారో మర్చిపోం. బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ గురించి ఒక్క మాట: 256 మందికే పరిమితి, అదీ మన నంబర్ సేవ్ చేసుకున్న వాళ్లకే వెళ్తుంది. పాత కస్టమర్లకి అది చాలు.

ఐదుగురిలో ఇద్దరు షెడ్డుకి వచ్చి చూశారు. ఒకాయన రిపేర్ పని ఇచ్చాడు. రెండో ఆయన, జీఎస్‌టీ లేదని నేను కొట్టేసిన కైకలూరు పార్టీ, అక్టోబర్ చివర్లో రెండు ఛాసిస్‌లు తెచ్చి నిలబెట్టాడు. వెల్డర్లు ఇద్దరూ పనిలోనే ఉన్నారు. సోమవారం పొద్దున అరగంట షీట్ అప్‌డేట్ చేసే పని ఇప్పుడు మావయ్యదే. ఫోటోలు జూమ్ చేసి చూడ్డానికి ఆయన పాత ఫోన్ స్క్రీన్ సరిపోవట్లేదట. 15 వేల లోపు పెద్ద డిస్‌ప్లే ఉన్న ఫోన్ ఏదో చూడమన్నాడు.