టీకా వేసిన రాత్రి దేహములో నడచు వార్త

భద్రాచలమునకు ఎగువను దుమ్ముగూడెము, చర్ల ప్రాంతముల అడవిపల్లెలలో బిడ్డ కాఱవ వారమున తొడకు టీకా వేయుదురు. ఆ రాత్రి ఒడలు కాఁగును, తొడ వాచును. బాగున్న బిడ్డకు జ్వరము తెచ్చిరని తల్లి బెదరి, పదియవ వారమునను పదునాలుగవ వారమునను వేయింపవలసిన వానిని మానివేయుట కలదు. సోదరీమణులారా, ఆ జ్వరమేమో తెలిసినచో నంత బెదురుండదు.

సూది దిగినచోటి కావలి కణములు టీకాలోని పరపదార్థమును మ్రింగి, తునకలు చేసి, ఆ తునకలను తమపైఁ బొదిగికొని గజ్జలలోని గ్రంథులకుఁ బోవును. కాలికిఁ బుండైనప్పుడు గజ్జలో బిళ్ల కట్టినదందుమే, ఆ బిళ్లయే యీ గ్రంథి. కావలి కణములు విడుచు రసములు నెత్తుటఁ గలసి మెదడునకు వార్త చేర్చుటచేతనే జ్వరము వచ్చును.

గ్రంథిలో టీ-కణములను తెల్లకణములు వేచియుండును. ఏ తునకకు సరిపడు గ్రాహకము గల కణము ఆ తునకనే పట్టుకొనును. అయితే గ్రాహకము పైపొరలోనిది. ఆజ్ఞ వెలువడవలసినది లోపలి కేంద్రమునుండి. నడుమ వార్తను మోయునది భాస్వరము. గ్రాహకపు తోఁకకు ఎల్‌సీకే యను ఎంజైము భాస్వరము నంటించును. ఆ గుఱుతు చూచి జాప్-70 అనునది వచ్చి చేరి, తాను మేల్కొని, ముందున్న ప్రోటీనులకు మరల భాస్వరము నంటించును. తుదకుఁ గణములోనికిఁ గాల్షియము ప్రవహించును. అంతట ఎన్‌ఫాట్ అను ప్రోటీను కేంద్రములోఁ జొచ్చి జన్యువులను లేపును. కాల్షియము వచ్చుట నిమిషములలోని పని. కణము రెండుగాఁ జీలుటకు దినమునకుఁ బైగాఁ బట్టును. ఈ వరుసలో నొక్కటి తప్పిన నేమగునో 1994లో వెల్లడియైనది: జాప్-70 లేక పుట్టిన శిశువులకు నెత్తుట టీ-కణములు కొన్ని యున్నను అవి పనిచేయక, రోగముపై రోగము వచ్చెను.

ఆ భాస్వరము ఏటీపీ యను పదార్థమునుండి వచ్చును. 1895లో భీమవరమున జనించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో సైరస్ ఫిస్కేగారితోఁ గూడి, కండరములలో దీనిని గనుఁగొని 1929లో బ్రకటించిరి. మన తెలుఁగువాఁడని చెప్పుకొనుటకు నాకు సంతసమే.

దుమ్ముగూడెపుఁ బర్ణశాలను చూచినవారికి లంకలోని సీతమ్మ సంశయము తలఁపునకు రాకపోదు. వచ్చినవాఁడు రామదూతయో రావణమాయయో యని రాముని గుఱుతులు వినువఱకు, ఉంగరము చూచువఱకు నమ్మలేదు. టీ-కణమును అంతే. తునకతోఁ బాటు కావలి కణముపై అపాయసూచకమగు రెండవ గుఱుతు కూడ తగులవలెను. లేకున్న మొద్దువాఱి యూరకుండును. ఈ కట్టడి లేనిచో మన దేహముపైననే పోరు లేచును. టీకాలో అల్యూమినియపు లవణము కలుపుట, కావలి కణములను రేపి యీ రెండవ గుఱుతును పుట్టించుటకే.

పోరు ముగిసినపిదపఁ బెక్కు కణములు నశించి, కొన్నిమాత్రము జ్ఞాపకముతో మిగులును. రెండవ, మూడవ మోతాదులు వానిని పెంచును. కావున జ్వరము వచ్చిన రాత్రి బిడ్డకు పాలు మానిపింపక, ఆరోగ్యకార్యకర్త చెప్పిన కొలత మేరకే పారాసిటమాల్ ఇయ్యవలెను. జ్వరము రెండు దినములు దాఁటినను, మూర్ఛ వచ్చినను ఆలస్యము చేయక వైద్యునికడకుఁ గొనిపోవలెను.