ప్రాగ్ నగరమున ఒక దినము

చెక్ దేశపు రాజధానియైన ప్రాగ్ నగరమును కుటుంబసమేతముగా చూడబోవువారు పెక్కుమంది పెద్ద పట్టికతో బయలుదేరి, అందు సగమైనను ముగియకమునుపే పెద్దలకు మోకాళ్ల నొప్పియు, పిల్లలకు ఆకలియు, తక్కినవారికి విసుగును కలుగగా మధ్యాహ్నమునకే బసకు మరలుచుందురు. ఆ పాత వీథులన్నియు చిన్న చిన్న రాళ్లు పరచినవి. వానిపై నడక త్వరగా అలసట కలిగించును. వృద్ధులును పసివారును గల కుటుంబము ఒక్క దినమున గడియారమును, వంతెనను, కొండమీది ఆలయమును చూచిన చాలును. ఆ మూడింటిలోను గడియారము నెదుటనే ఎక్కువసేపు నిలువవలెనని నా దృఢాభిప్రాయము.

పాత నగర చత్వరమున, పురపాలక మందిరపు దక్షిణపు గోడపై 1410లో అమర్చబడిన ఈ యంత్రమును కడాన్ పురవాసియైన మికులాష్ అను గడియారముల శిల్పి నిర్మించెను. విశ్వవిద్యాలయమున గణితాచార్యుడైన యాన్ షిండెల్ దానికి లెక్కలు సమకూర్చినట్లు పండితులు తలంచుచున్నారు. ఉదయము తొమ్మిది మొదలు రాత్రి పదునొకటి వరకు గంటగంటకును అస్థిపంజరరూపమున నున్న మృత్యువు త్రాడు లాగి గంట వాయించును. పైనున్న రెండు గవాక్షములు తెరచుకొనగా, తరువాతి కాలమున చేర్చబడిన క్రీస్తు శిష్యుల బొమ్మలు పన్నెండును వరుసగా కనబడి పోవును. చివరకు బంగారు కోడి కూయును. ఈ స్వల్పకాలపు వేడుక ముగియగానే గుంపు చెదరిపోవును. చూడదగిన వింత అప్పటికిని మిగిలియే యున్నది. అది క్రిందనున్న ఫలకము.

ఆ ఫలకమునకు నడుమ భూమి. దానిచుట్టును సూర్యచంద్రుల సంచారము. బంగారు సూర్యబింబము ద్వాదశరాశుల వలయముపై ఏడాదికొక ప్రదక్షిణము చేయును. సగము వెండి, సగము నలుపుగా నున్న చంద్రగోళము తనలో తాను తిరుగుచు శుక్లకృష్ణపక్షములను చూపును. అన్నిటికన్న వెలుపలి వలయమందలి ఇరువదినాలుగు అంకెలు సూర్యాస్తమయము మొదలుకొని గంటలు లెక్కించు ప్రాచీన బొహీమియా పద్ధతికి సంబంధించినవి. అస్తమయవేళ ఋతువును బట్టి మారును గనుక ఆ వలయము కూడ సంవత్సరము పొడుగునను కొంచెము కొంచెముగా జరుగుచుండును. సూర్యోదయము నుండి ఘడియలు లెక్కించు పంచాంగముతో పరిచయముగల తెలుగువారికి ఈ లెక్క ఇట్టే బోధపడును.

ఏప్రిల్ ఆరంభమున మేమచట నిలిచియుండగా మా అమ్మ రాశివలయమును కొంతసేపు పరికించి, "ఏమిరా, మనకింకా మేష సంక్రమణం రానే లేదు కదా! ఇక్కడ సూర్యుడు అప్పుడే మేషంలోకి వచ్చాడేం?" అని అడిగెను. ఎంతటి చక్కని ప్రశ్న! పాశ్చాత్యులు వసంతవిషువమునే మేషారంభముగా గణింతురు; అది సాయనపద్ధతి. మన పంచాంగములు స్థిరనక్షత్రములను ఆధారముగా గొన్న నిరయనపద్ధతి ననుసరించును. రెంటికిని నడుమ నేడు సుమారు 24 డిగ్రీల అంతరమున్నందున, మార్చి 21 ప్రాంతమున అచట మేషమున ప్రవేశించిన సూర్యుడు మనకు ఏప్రిల్ 14 ప్రాంతమునకు గాని ప్రవేశింపడు.

అదే చత్వరమునకు ఆవలిప్రక్కనున్న టీన్ దేవాలయమున, 1601లో మరణించిన టైకో బ్రాహే సమాధి కలదు. దూరదర్శిని పుట్టకమునుపు ఆ మహనీయుడు వట్టి కంటితో చేసిన కుజగ్రహ పరిశీలనలను కెప్లర్ ఈ నగరముననే ఏండ్ల తరబడి మథించి, ఆ గ్రహము సూర్యుని చుట్టును వృత్తమున గాక దీర్ఘవృత్తమున తిరుగుచున్నదని 1609లో ప్రకటించెను. సూర్యుని భూమిచుట్టును త్రిప్పు గడియారమును, ఆ విశ్వాసమును సమూలముగా కదల్చిన మేధావి నడచిన వీథులును ఇంత చేరువగా నుండుట నన్ను మిక్కిలి చలింపజేసినది. పిల్లలకు ఖగోళ చరిత్ర చెప్పుటకు ఇంతకన్న తగిన తావు నేనెరుగను.

కెప్లర్ నివసించిన కార్లోవా వీథివెంట సాగిన, వ్లతావా నదిపై చార్లెస్ వంతెన ఎదురగును. నాల్గవ చార్లెస్ చక్రవర్తి 1357లో జూలై 9వ తేదీన ఉదయము 5 గంటల 31 నిముషములకు శంకుస్థాపన చేసెనని ప్రతీతి; సంవత్సరము, దినము, మాసము, గంట, నిముషములను వరుసగా వ్రాసిన 135797531 అని ఎటు చదివినను ఒక్కటే యగును. ముహూర్తబలమునందు నమ్మిక మనకొక్కరికే కలదనుకొనువారు ఈ కథ వినవలెను. 516 మీటర్ల పొడవున పదునారు కమానులపై నిలిచిన ఈ వంతెనకు ఇరువైపులను ముప్పది విగ్రహములున్నవి. 1393లో రాజాజ్ఞచే నదిలో త్రోయబడిన యాన్ నెపోముక్ విగ్రహము క్రింది కంచు పలకను యాత్రికులు శుభము కలుగునని తాకి తాకి బంగారమువలె మెరయజేసినారు.

వంతెన దాటిన పిమ్మట కొండనెక్కుటకు కాలినడక వలదు. 22వ నంబరు ట్రాము కోట చేరువకు కొనిపోవును. కోటలోని సెయింట్ వీటస్ ఆలయమునకు 1344లో పునాది పడినది. పెట్ర్ పార్లర్ వంటి మహాశిల్పి పూనుకొనినను, యుద్ధములచేతను ధనాభావముచేతను పని శతాబ్దములపాటు నిలిచిపోయి, తుదకు 1929లో పూర్తియైనది. లోపల తూర్పుభాగము పార్లర్ కాలమునాటిది. పడమటి భాగము రైళ్లు నడచిన కాలమునాటిది. రాయికి రాయి జతకుదిరిన ఆ నేర్పునకు నమస్కరింపవలెను. బయటికి వచ్చి పడమటి గోడపైనున్న పెద్ద గుండ్రని గవాక్షము క్రింద వెదకుడని పిల్లలకు చెప్పుడు: కోట్లు తొడిగిన నలుగురు పెద్దమనుషుల శిల్పములు అచటనున్నవి. వారు ఈ ఆలయమును పూర్తిచేయుటకు పాటుపడినవారు.