గొరిల్లాల దగ్గర గంటసేపు

రువాండాలోని వోల్కెనోస్ నేషనల్ పార్కులో కొండ గొరిల్లాలను చూడాలంటే విదేశీయులు పర్మిట్‌కే 1,500 డాలర్లు కట్టాలి. మన డబ్బుల్లో లక్షా పాతిక వేలకు పైమాటే. విమానం టికెట్లు, బస, బండి ఖర్చులు వేరే. 2017 మే దాకా 750 డాలర్లే ఉండేది, ప్రభుత్వం ఒక్కసారిగా రెట్టింపు చేసింది. ఇంతా కట్టి, వెదురు పొదల్లో బురద తొక్కుకుంటూ కొండెక్కితే దక్కేది గంటసేపు. ఒక్కో గొరిల్లా కుటుంబం దగ్గరికి రోజుకు ఎనిమిది మందినే పంపుతారు. ఇది నిలువు దోపిడీ అని ఎవరికైనా అనిపిస్తుంది. నా మటుకు న్యాయమైన ధరే.

రువాండా, ఉగాండా, కాంగో సరిహద్దులు కలిసే విరుంగా కొండల్లో 1981లో లెక్కిస్తే 254 గొరిల్లాలే తేలాయి. అంతకు పుష్కరం ముందే రువాండా పార్కులో చాలా భాగాన్ని పురుగుమందుకు పనికొచ్చే పైరెత్రం పూల సాగుకు ఇచ్చేశారు. మిగిలిన దాంట్లో ఇంకొంత పశువుల మేతకు ఇవ్వాలన్న ఆలోచన కూడా నడిచింది. దుప్పుల కోసం పన్నిన ఉచ్చుల్లో గొరిల్లాలు చిక్కుకునేవి. వాటి మధ్యే ఏళ్ల తరబడి గడిపిన డయాన్ ఫాసీకి పర్యాటకులంటే గిట్టేది కాదు. బిల్ వెబర్, ఎమీ వెడ్డర్ దంపతులు మాత్రం 1979 నుంచి వేరే దారి పట్టారు. పశువులకన్నా గొరిల్లాలే ఎక్కువ రాబడి తెస్తాయని ప్రభుత్వానికి చూపించగలిగితేనే అడవి దక్కుతుందన్నది వాళ్ల లెక్క. ఆ లెక్క తప్పలేదు. విరుంగాలో 1967 నుంచి 2008 దాకా చూస్తే, మనుషులకు అలవాటుపడి రోజూ కాపలా, పశువైద్యం అందిన గుంపులు పెరిగాయి, అవి అందనివి తగ్గాయి. 2018 నాటికి ఉగాండాలోని బ్విండి అడవితో కలిపి కొండ గొరిల్లాల సంఖ్య వెయ్యి దాటింది.

ధర తగ్గించి ఎక్కువమందిని పంపితే వచ్చే డబ్బు అంతే కదా, పేదవాడూ చూస్తాడు కదా అనవచ్చు. చిక్కంతా మన ఊపిరితోనే. మనకు జలుబుతో పోయే వైరస్ గొరిల్లాకు ప్రాణాంతకం కావచ్చు. 2009లో రువాండాలోనే మనుషుల్లో తిరిగే శ్వాసకోశ వైరస్ సోకిన ఒక గుంపులో రెండు గొరిల్లాలు చనిపోయాయి. అందుకే మాస్కులు, దూరం, దగ్గుతో వచ్చినవాళ్లను వెనక్కి పంపడం. సందర్శకుల సంఖ్య పెంచకుండా డబ్బు పెంచాలంటే ధర పెంచడమొక్కటే దారి. పర్యాటకుల మీదే బతికితే వాళ్లు రానినాడు ఏమిటన్నది ఇంకో ప్రశ్న. కొవిడ్‌తో అడవి మూతపడిన 2020లో బ్విండిలో రఫికి అనే పెద్ద మగ గొరిల్లాను వేటగాడు చంపేశాడు. ఆ భయం నిజమైనదే. అయితే దానికి మందు రాబడిలో కొంత కష్టకాలానికి దాచిపెట్టడం, టికెట్ చవక చేయడం కాదు.

నేను కొట్టిపారేయలేని అభ్యంతరం ఒక్కటే. తరతరాలుగా ఈ అడవుల్లో వేటాడి, తేనె తీసుకుని బతికిన బత్వాలను సంరక్షణ పేరుతోనే బయటికి పంపారు. 1991లో బ్విండి నేషనల్ పార్కు అయ్యాక వాళ్లకు అడవీ పోయింది, బదులుగా చాలామందికి సాగుకు భూమీ దక్కలేదు. ఇటు రువాండా తన పార్కుల రాబడిలో పది శాతం చుట్టుపక్కల జనానికి ఇస్తామని అంటోంది. ఆ డబ్బు బడులకు, రోడ్లకు వెళ్తే ఊళ్లన్నింటికీ మేలే, అడవి పోగొట్టుకున్నవాళ్లకు మాత్రం అది పరిహారం కాదు. కాబట్టి వెళ్లేవాళ్లు పర్మిట్ ధర మీద బేరమాడే బదులు, అందులో బత్వాలకు ఎంత చేరుతోందని టూర్ కంపెనీని నిలదీసి అడగాలి.