నలుపు పూస్తే వచ్చేది కాదు, చెక్కలోంచి పుట్టేది

అరటికాయ తరిగిన కత్తిపీటను కడగకుండా వదిలేస్తే కాసేపటికి దాని అంచు నల్లబడుతుంది. ఉసిరికాయలను ఇనప మూకుట్లో ఉడికిస్తే ముక్కలు నల్లబడతాయి. వంటింట్లో చెయ్యి పెట్టినవారందరికీ తెలిసిన సంగతే ఇది. వగరుకు ఇనుము తగిలితే నలుపు పుడుతుంది. లేతు మీద తిప్పిన తెల్లటి చెక్క భరిణె నల్లచేవ వస్తువులా మారేది కూడా ఈ సూత్రంతోనే. మన బడుల్లో ఒక వారంలో, కొద్దిపాటి ఖర్చుతో చేయించగల పని ఇది. రసాయన శాస్త్రంలో ఒక మంచి పాఠం కూడా.

అసలు నల్లచెక్క ఎక్కడిది? బీడీ ఆకు ఇచ్చే తునికి చెట్టు మనకు తెలుసు. ఒడిశాలో దాన్ని కెందు అంటారు. బాగా ముదిరిన తునికి మానులో చేవ నల్లగా ఉంటుంది. అలాంటి చెట్టు పెరగడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది, దొరికే నల్లచేవ కొంచెమే. అందుకే లేత రంగు కర్రనే నల్లగా మార్చే ఉపాయాలు చాలా దేశాల పనివాళ్లు కనిపెట్టుకున్నారు.

మన దగ్గర చెక్క భరిణెలకు పేరుపడ్డ ఊరు అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక. ఆ లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కర్ణాటకలో ఉన్నవారికి బెంగళూరు–మైసూరు దారిలోని చన్నపట్న దగ్గర. రెండు ఊళ్లలోనూ వాడే కర్ర ఒకటే: అంకుడు. కొమ్మ విరిస్తే పాలు కారుతాయి కాబట్టి దీనికి తెడ్లపాల అనే పేరు కూడా ఉంది. కన్నడంలో హాలె మర, తమిళంలో వెట్పాలై. మన ‘పాల’లోని పకారమే కన్నడంలో హకారమైంది. లేతును మన పెద్దలు తరిమెన అనేవారు. తరిమెన మీద తిరుగుతున్న వస్తువుకు రంగు లక్కపుల్లను అదిమిపడితే రాపిడి వేడికి లక్క కరిగి పైన పొరలా అంటుకుంటుంది. మొగలి ఆకుతో అదిమి తిప్పితే నిగ్గు తేలుతుంది. ఇక్కడ రంగు చెక్క మీద ఉంటుంది. మనం చెప్పుకోబోయే నలుపు అలా కాదు, చెక్కలోకే దిగుతుంది.

ముందుగా ఇనప నీళ్లు తయారు చేయాలి. గాజు సీసాలో వినెగర్ పోసి, అందులో ఇనప రజనో, సన్నటి ఇనప పీచో వేయాలి. గిన్నెలు తోమే స్టెయిన్‌లెస్ పీచు తేలిగ్గా కరగదు, పనికిరాదు. పీచుకు నూనె జిడ్డు ఉంటే సబ్బుతో కడిగి వేయాలి. ఇనుము వినెగర్‌లోని ఎసిటిక్ ఆమ్లంలో కరుగుతూ ఐరన్ ఎసిటేట్ అవుతుంది. పైకి వచ్చే సన్నటి బుడగలు హైడ్రోజన్. అందుకే మూత బిగించకూడదు, దగ్గర్లో మంట ఉండకూడదు. వారం తర్వాత బట్టతో వడగట్టుకోవాలి. ఈ పని పెద్దల చేతుల మీదుగానే జరగాలి. పిల్లలకు చేతి తొడుగులు ఇవ్వాలి.

రెండోది కరక్కాయ నీళ్లు. మూడు నాలుగు కరక్కాయల పెచ్చు దంచి, గ్లాసు నీళ్లలో రాత్రంతా నానబెట్టి వడగడితే చాలు. తుమ్మలాంటి కర్రలో సహజంగానే వగరు ఎక్కువ కాబట్టి ఇనప నీళ్లు తగలగానే నల్లబడుతుంది. అంకుడులో ఆ వగరు తక్కువ. దానికి మనమే పట్టించాలి.

భరిణెను సన్నటి ఉప్పుకాగితంతో రుద్ది, తడిబట్టతో తుడిచి ఆరనివ్వాలి. తడికి లేచిన నూగును మళ్లీ రుద్దేయాలి. ఇది ముందే చేసుకుంటే తర్వాత గరుకుదనం రాదు. ఇప్పుడు కరక్కాయ నీళ్లు పూసి ఆరబెట్టాలి. ఆపైన ఇనప నీళ్లు పూయాలి. కొద్ది నిమిషాల్లోనే బూడిద రంగు, ఆ తర్వాత నీలంతో కలిసిన నలుపు తేలుతుంది. వగరులోని టానిన్‌తో ఇనుము కలిసి, గాలిలోని ఆక్సిజన్ సాయంతో నల్లటి పదార్థం అవుతుంది. చాలకపోతే రెండూ మరోసారి పూయవచ్చు. తర్వాత తడిబట్టతో తుడిచి ఒక రోజంతా ఆరనివ్వాలి. నలుపు లోతుకు దిగేది కొద్దిగానే కాబట్టి ఆ తర్వాత గట్టిగా రుద్దితే తెల్లకర్ర బయటపడుతుంది.

అప్పటికి భరిణె బొగ్గులా వెలవెలబోతూ ఉంటుంది. దానికి కళ తెచ్చేది నూనె. కొబ్బరి, వేరుశనగ నూనెలు గట్టిపడవు, జిడ్డుగానే ఉండి కొన్నాళ్లకు కంపు కొడతాయి. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని పొరగా గట్టిపడుతుంది. పలచగా పూసి, పావుగంట ఆగి, మిగిలింది తుడిచేయాలి. పూర్తిగా ఆరాక మరో పూత. ఇలా రెండు మూడు పూతలు వేస్తే లోపలి నుంచి వచ్చినట్టుండే మెరుపు వస్తుంది. ఒక్క హెచ్చరిక: అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోవచ్చు. వాటిని ఆరుబయట పరిచి ఆరబెట్టాలి. ఈ భరిణెలో పెన్సిళ్లో, నాణేలో వేసుకోవాలి. తినే వస్తువులు వద్దు.

ఈ విద్య మనకు కొత్తదేమీ కాదు. శ్రీకాళహస్తి కలంకారీ చూడండి. బట్టను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. ఇనప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి ‘కసిమి’ తయారు చేస్తారు. వెదురు కలాన్ని అందులో ముంచి గీస్తే గీత నల్లగా తేలుతుంది. అక్కడ బట్ట, ఇక్కడ చెక్క. అక్కడ పులిసిన బెల్లం, ఇక్కడ వినెగర్. వగరూ ఇనుమూ రెండు చోట్లా అవే.

బడిలో చేయించేటప్పుడు భరిణె కంటే ముందు నాలుగు అంకుడు ముక్కలు తీసుకోండి. ఒకదానికి ఏమీ పూయకండి. ఒకదానికి కరక్కాయ నీళ్లు, ఒకదానికి ఇనప నీళ్లు, నాలుగోదానికి రెండూ. మా తరగతిలో ఇలా చేసినప్పుడు మూడో ముక్క ఎందుకు నల్లబడలేదని ఒక అమ్మాయి అడిగింది. నేను నోరు తెరిచేలోపే వెనక బెంచీ కుర్రాడు, ‘‘దానికి వగరు లేదు కదా’’ అన్నాడు. అప్పుడు బోర్డు మీద ‘టానిన్’ అని రాశాను. ఆ పదం వాళ్లకు బరువు కాలేదు. అప్పటికే తెలిసినదానికి అది ఇంకో పేరు, అంతే.

తెలుగులో సైన్సు చదివితే పిల్లలు వెనకబడతారేమోనని తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఆ భయం న్యాయమైనదే. పైచదువుల్లో టానిన్, ఐరన్ ఎసిటేట్ అనే మాటలే ఎదురవుతాయి కాబట్టి వాటిని తప్పకుండా నేర్పాలి. కానీ నాలుకకు తెలిసిన మాట మీద నిలబెట్టిన శాస్త్ర పదం పరీక్ష అయ్యాక కూడా గుర్తుంటుంది. మన వగరే కన్నడంలో ఒగరు, తమిళంలో తువర్పు, ఒడియాలో కషా, మరాఠీలో తురట. అంటే ఈ పాఠాన్ని పక్క తరగతి గదిలోని రాష్ట్ర భాష పిల్లలతో కలిసి కూడా చేయవచ్చు.

కరక్కాయ కోసం పచారీ కొట్టుకో, మూలికల దుకాణానికో వెళ్లినప్పుడు కర్ణాటకలో అళలెకాయి అని, తమిళనాడులో కడుక్కాయ్ అని, ఒడిశాలో హరిడా అని, మహారాష్ట్రలో హిరడా అని అడగండి. వీలైతే పిల్లల్నే పంపి అడిగించండి. ఒక కాయ ఎక్కువ తెప్పించి, దంచే ముందు చిన్న పెచ్చు వాళ్ల నాలుక మీద పెట్టండి. పాఠం అక్కడే మొదలవుతుంది.