పొదుగు దిగని బాతు

2025 మార్చిలో అమెరికాలో డజను కోడిగుడ్ల సగటు ధర ఆరు డాలర్లు దాటింది. మా స్నేహితురాళ్ళు ముగ్గురు పెరట్లో కోళ్ళు పెంచుదామని లెక్కలు వేసుకుంటుంటే, నేను బాతుల మాట ఎత్తాను. నార్త్ కరోలినాలో మా ఇంటి వెనక నాలుగు ఆడబాతులున్నాయి. వానొస్తే వాటికి పండగ. కోళ్ళలా పాదుల్ని గోకి పారేయవు, నత్తల్ని ఏరుకు తింటాయి. కాకపోతే వాటిలో ఒకటి పొదుగుకు కూర్చుంటే ఏం చేస్తారో ముందే అనుకుని తెచ్చుకోండి అన్నాను. ఆ సంగతి రాయమని వాళ్ళే అడిగారు.

మా బాతులకి పిల్లలు లడ్డూ, బూందీ, జిలేబీ, జంతిక అని పేర్లు పెట్టారు. లడ్డూ తప్ప మిగతావి ఖాకీ క్యాంప్‌బెల్ జాతి. మన ఆంధ్రా రైతులకీ తెలిసిన జాతే ఇది. ఇంగ్లండ్‌లో యూలీ అనే పల్లెలో ఎడెల్ క్యాంప్‌బెల్ అనే ఆవిడ 1900 ప్రాంతంలో తన బాతుల్ని జతకలిపి దీన్ని తయారు చేసింది. ఏడాదికి 250 నుంచి 300 గుడ్లు పెడుతుంది, పొదగాలన్న ధ్యాస మాత్రం తక్కువ. పొదుగుకు కూర్చున్న పక్షి గుడ్లు పెట్టడం మానేస్తుంది కదా, అందుకని గుడ్ల కోసం ఎంచుకుంటూ వచ్చిన జాతుల్లో ఆ గుణమే తగ్గిపోయింది. మస్కవీ బాతు దీనికి పూర్తిగా ఎదురు, సందు దొరికితే కూర్చుంటుంది. లడ్డూది వెల్ష్ హార్లెక్విన్ జాతి, 1949లో ఖాకీ క్యాంప్‌బెల్ నుంచే పుట్టింది. వీటిలో కొన్ని కూర్చుంటాయి, కొన్ని కూర్చోవు. మాది కూర్చునే రకం.

పోయిన ఏప్రిల్‌లో లడ్డూ గూట్లో ఒక మూలకి చేరింది. చెయ్యి పెడితే బుస్సుమంది. రొమ్ము మీద నూగు ఈకలు పీకి గుడ్ల చుట్టూ పరిచింది. రోజుకొక్కసారి లేచి, గుడ్ల మీద ఆ నూగు కప్పి, గబగబా నాలుగు గింజలు తిని, నీళ్ళలో ఓ మునక వేసి, ముక్కు మూసుకోవాల్సినంత రెట్ట వేసి మళ్ళీ వెళ్ళి కూర్చునేది. ఊరికే గూట్లో కూర్చున్న బాతుకీ, పొదుగుకొచ్చిన బాతుకీ తేడా తెలియాలంటే ఆ రెట్ట ఒక్కటి చాలు.

పొద్దు పెరగడం, గూట్లో గుడ్లు పోగవడం, పొట్టకి వాటి స్పర్శ తగలడం, వీటన్నిటితో ఒంట్లో ప్రోలాక్టిన్ పెరుగుతుంది. మనకి పాలు పడేలా చేసే హార్మోనే అది. అందుకే బాతు మొండితనం చూసి నాకు కోపం రాలేదు. బాలింతకి ఆకలి దప్పులు తెలియవంటారే, అలాంటిదే ఇదీ. కాకపోతే బాతు గుడ్డు పిల్ల కావడానికి 28 రోజులు పడుతుంది, కోడికైతే 21. మా ఇంట్లో మగబాతు లేదు. ఆ గుడ్లు 28 రోజులకే కాదు, ఎన్నాళ్ళకీ పిల్లలు కావు. ఆ సంగతి లడ్డూకి తెలియదు. గడువు దాటినా అలాగే కూర్చుని చిక్కిపోతుంది. ఎండ ముదిరితే మరీ ప్రమాదం. రొమ్ము మీద చెయ్యేసి చూస్తే మధ్య ఎముక వాడిగా తగలడం మొదలైందంటే ఇంక ఆగకూడదు.

మా అమ్మది పశ్చిమ గోదావరి. కోతలయ్యాక వరి చేలలోకి బాతుల మందలు దిగడం చూస్తూ పెరిగిన మనిషి. వీడియో కాల్‌లో లడ్డూని చూడగానే, "పొదుగు మీదున్నదాన్ని లేపకే, ఉసురు తగులుతుంది" అంది.

"మగబాతే లేదు కదమ్మా, అవన్నీ ఉత్త గుడ్లే."

"అయితే తొక్కిన గుడ్లు నాలుగు ఎక్కడైనా తెచ్చి పెట్టు. మేం బాతు గుడ్లు కోడి కిందే పెట్టేవాళ్ళం. పిల్లలు కాలవలో దిగుతుంటే గట్టు మీద ఆ కోడి అల్లాడిపోయేది."

మా ఇంట్లో పిల్లలదీ అదే పాట. తొక్కిన గుడ్లు ఇచ్చే పొలం మాకు అరగంట దూరంలోనే ఉంది. అయినా నేను ఒప్పుకోలేదు. ఎనిమిది గుడ్లు పెడితే ఇంచుమించు సగం మగవి పుడతాయి. నాలుగైదు ఆడబాతులకి ఒక మగబాతు చాలు. అంతకన్నా ఎక్కువైతే ఆడవాటి మెడ మీద ఈకలు ఊడేదాకా వెంటపడతాయి, గాయాలు చేస్తాయి. మిగిలిన మగవాటిని ఎవరికివ్వాలి? ఊరికే ఇస్తామంటే తీసుకునేవాళ్ళు దొరుకుతారు, వాళ్ళ ఇంట్లో అవి ఏమవుతాయో మనకి తెలుసు. మాంసం తినే ఇల్లయితే అది వేరే లెక్క, తప్పు పట్టను. మా ఇంట్లో పేరు పెట్టిన బాతుని ఎవరూ కొయ్యలేరు. పిల్లలు ముద్దుగా ఉంటాయి కదా అని మొదలుపెట్టి, ఆగస్టులో మగబాతుల్ని అంటగట్టడానికి ఊరంతా తిరగడం నా వల్ల కాదు.

అందుకని పొదుగు మాన్పించాను. మన ఊళ్ళలో కోడి ముక్కులో ఈక గుచ్చేవారు, ఆ పని వద్దు. నీళ్ళలో ముంచేవారు, అందులో అర్థముంది, పొట్ట చల్లబడితే పొదుగు దిగుతుంది. బాతుకి ముంచడం అక్కర్లేదు, నీళ్ళు చూపిస్తే చాలు. ముందు గుడ్లు తీసేసి, గూడు విప్పేసి, ఆ మూలకి అడ్డం పెట్టాను. కుక్కల కోసం అమ్మే పెద్ద పంజరం చెట్టు నీడలో, మిగతా బాతులకి కనపడేలా ఉంచి, పగలు లడ్డూని అందులో పెట్టాను. గడ్డి, రంపపు పొట్టు, ఏమీ వేయలేదు. మేత, తల మునిగేంత లోతు నీళ్ళు ఉంచాను. కోళ్ళకి చెప్పే తీగ అడుగు పంజరం బాతుకి పెట్టకండి, అరికాళ్ళు పుళ్ళు పడతాయి. పొద్దునా సాయంత్రం టబ్బులో ఈదనిచ్చాను. రాత్రి అందరితో పాటే లోపల. మూడు రోజులు బుసలు కొట్టింది. ఐదో రోజు బయటికి వదిలితే గూటి వైపు చూడకుండా బూందీ వెనకాలే నత్తల వేటకి పోయింది. మళ్ళీ గుడ్డు పెట్టడానికి ఇంకో మూడు వారాలు పట్టింది.

బాతులు ఎక్కువగా తెల్లవారకముందే గుడ్లు పెడతాయి కాబట్టి ఇప్పుడు రోజూ పొద్దున్నే ఏరేస్తున్నాను. గుడ్లు పోగవకపోతే సగం గొడవ ఉండదు.

మీకు పిల్లలు కావాలనే ఉంటే మధ్యేమార్గం ఒకటుంది. ఒక్కరోజు పిల్లల్ని హేచరీలు పోస్టులో పంపుతాయి, 1918 నుంచి ఈ దేశంలో ఉన్న పద్ధతే. పొట్టలో మిగిలిన పచ్చసొనతో అవి రెండు మూడు రోజులు బతకగలవు. ఆడవో మగవో చూసి వేరు చేసి అమ్ముతారు, ఆడపిల్లలకి ధర ఎక్కువ. ఆడపిల్లే కావాలని పైన డబ్బు కట్టడం నాకైతే భలే సంతోషంగా అనిపిస్తుంది! బాతు మూడు వారాలు కూర్చున్నాక, చీకటి పడ్డాక ఒక్కోటీ దాని పొట్ట కిందకి జార్చాలి. చాలా బాతులు తమవే అనుకుంటాయి, కొన్ని పొడుస్తాయి. తెల్లవారేదాకా కనిపెట్టుకుని ఉండాలి. కోడిపిల్లల మేతలో బాతుపిల్లలకి చాలినంత నయాసిన్ ఉండదు, బ్రూవర్స్ ఈస్ట్ కలపాలి, లేకపోతే కాళ్ళు వంకరపోతాయి. తల్లీపిల్లల గదికి సన్నటి కోళ్ళ వల సరిపోదు, రకూన్ చింపేస్తుంది. అరంగుళం గళ్ళ గట్టి ఇనప జల్లెడ కొట్టించండి. బర్డ్ ఫ్లూ ఉన్న రోజులు కాబట్టి అడవి బాతులు వాలే చోట మేత, నీళ్ళు పెట్టకండి. ఐదేళ్ళలోపు పిల్లల చేతికి బాతుపిల్లల్ని ఇవ్వకండి, సాల్మొనెల్లా భయం. మిగతావాళ్ళు ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి.

వచ్చే వసంతానికి మూడు ఆడపిల్లలకి హేచరీలో చెప్పి ఉంచాను. అమ్మ అప్పటికి ఇక్కడికి వస్తానంటోంది. లడ్డూ ఆ వేళకి కూర్చుంటే సరే, లేకపోతే గరాజ్‌లో అట్టపెట్టె పక్కన మేమిద్దరం కూర్చుంటాం.