‘మా ఇంట్లో ఆమాత్రం తినకపోతే ఎట్టా?’

పల్నాడులో ఒకరింటికి వెళ్లి అన్నం వద్దంటే ఆకలి లేదనుకోరు, అలిగాడనుకుంటారు. 12వ శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టించాడని చెప్పుకునే సీమ ఇది. కారంపూడి వీరుల తిరునాళ్లలో ఇప్పటికీ ఆ పంక్తి నడుస్తుంది. అలాంటి చోట షుగరున్న మనిషి విస్తరికి చెయ్యి అడ్డం పెడితే వడ్డించేవాళ్లు నొచ్చుకోరా మరి! కాకపోతే చాపకూడులో లెక్క పక్కన ఎవరు కూర్చున్నారన్నదే. ఎన్ని మార్లు పెట్టించుకున్నారని బ్రహ్మనాయుడు అడిగినట్టు ఎవరూ చెప్పలేదు.

దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం అంచనా కట్టింది. నరసరావుపేటలో పెళ్లయినా, గురజాలలో గృహప్రవేశమైనా బంతిలో ఒకరిద్దరు ఉండనే ఉంటారు. వాళ్ల చెవిన పడే మాటలు ఎక్కడైనా ఇవే.

‘తీపి మానేశావుగా, అన్నానికేం? ఇంకో గరిటె వెయ్యనీ’

పాయసం పక్కకు జరిపి అన్నం కుప్ప పోస్తారు, అదీ ప్రేమతోనే. తెల్ల బియ్యంలో నూటికి సుమారు 78 పాళ్లు పిండిపదార్థం. అరిగాక అదంతా గ్లూకోజే. ముందు కూర, పప్పు, ఉంటే గుడ్డో కోడికూరో తిని, అన్నం చివర్లో కాస్త పెట్టించుకుంటే భోజనం తర్వాత చక్కెర అంతగా పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి. ఇందులో ఇంకో లాభముంది: విస్తట్లో కూరలు నిండుగా కనిపిస్తే ‘ఏం తినలేదు’ అనే మాట రాదు.

‘జొన్నరొట్టెలా? అన్నం పుట్టకనా, ఏం ఖర్మ నీకు!’

ఈ మాట సాధారణంగా డెబ్బై దాటిన పెద్దమ్మల నోట వస్తుంది. దాని వెనక చరిత్ర ఉంది. పల్నాటి జొన్నకూడు తినలేక శ్రీనాథుడు విసుక్కున్నాడని చాటువులు చెబుతాయి. 1967లో సాగర్ నీళ్లు కాలువలకు వదిలాక కుడి కాలువ కింద వరి వచ్చింది. అంతకుముందు వరన్నం చాలా ఇళ్లలో పండగ కూడు. సంకటి తిని పెరిగిన మనిషికి, చదువుకుని ఉద్యోగం చేస్తున్న మనవడు మళ్లీ జొన్నల దగ్గరికి రావడం దిగజారినట్టే కనిపిస్తుంది. ఆమెకు పోషకాల పట్టిక చదివి వినిపించి లాభం లేదు. ‘అమ్మమ్మా, నువ్వు చేసినట్టు ఎవరికీ కుదరట్లేదు, ఒక రొట్టె చేసిపెట్టవా’ అని అడిగి చూడండి.

అటు పట్నం పిల్లలది ఇంకో భ్రమ: జొన్నయితే ఎంతైనా తినొచ్చని. జొన్నలోనూ నూటికి 68 పాళ్ల దాకా పిండిపదార్థమే. పీచు మాత్రం పది గ్రాములుంటుంది, తెల్ల బియ్యంలో మూడు కూడా ఉండదు. తేడా అంతే. నాలుగు రొట్టెలు లాగిస్తే జొన్న చేసే మేలేమీ ఉండదు. పల్చటి రాగిజావ అయితే మరీ త్వరగా రక్తంలో చేరుతుంది.

‘అరిసెల్లో బెల్లమేగా, పంచదార కాదుగా’

బెల్లంలోనూ అధిక భాగం అదే చక్కెర. సహజమైందంటారా, తేలు విషం కూడా సహజమే.

‘చిక్కిపోయావేంది బావా? లోపల ఇంకేదో ఉంది’

బొజ్జ ఐశ్వర్యానికి గుర్తయిన చోట బరువు తగ్గితే పరామర్శలు తప్పవు. బ్రిటన్‌లో జరిగి 2017లో ప్రచురితమైన ‘డైరెక్ట్’ అనే పరిశోధనలో, వ్యాధి వచ్చి ఆరేళ్లు దాటని వాళ్లను బరువు తగ్గిస్తే ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మందుల్లేకుండానే షుగరు అదుపులోకి వచ్చింది. అయితే బావ అనుమానాన్ని పూర్తిగా కొట్టెయ్యకండి. తిండి మార్చకుండా, ప్రయత్నం లేకుండా చిక్కిపోతుంటే షుగరు బాగా పెరిగిందేమో చూపించుకోవాలి.

‘ఈ పూటకి తినెయ్, ఇంకో మాత్ర వేసుకుంటే సరి’

అన్నిటికన్నా ప్రమాదకరమైన సలహా ఇదే. మెట్‌ఫార్మిన్ అప్పటికప్పుడు లడ్డూని కరిగించే మందు కాదు. గ్లిమిపిరైడ్ లాంటివి ఎక్కువ వేసుకుంటే, కొన్ని గంటల తర్వాత, ఇంట్లో అందరూ నిద్రపోయాక చక్కెర పడిపోవచ్చు. ఇలాంటప్పుడు పంక్తిలో నలుగురి ముందు వాదన పెట్టుకోవద్దు. ముందురోజే వంటింటి పెత్తనం చేసే వదినకో పిన్నికో ఫోన్ చేసి చెప్పండి. వడ్డించేవాళ్లను ఆమే చూసుకుంటుంది. ‘కడుపు బాలేదు’ లాంటి అబద్ధం ఒక్క పెళ్లికే పనికొస్తుంది, తర్వాత దానికీ వైద్యాలు చెబుతారు.

‘షుగరుండి చాక్లెట్టా!’

శివరాత్రికి కోటప్పకొండ వెళ్లి, ఉపవాసముండి, ప్రభల మధ్య నడిచే మనిషి ఇన్సులిన్ మీదో గ్లిమిపిరైడ్ మీదో ఉన్నాడనుకోండి. ఉపవాసంతో షుగరు దిగుతుంది నిజమే, ఎక్కడ ఆగుతుందన్నదే ప్రశ్న. ఆరోజు మందు మోతాదు ఎలాగో ముందే డాక్టరును అడగాలి. చెమటలు, వణుకు, తడబాటు మొదలై, కొలిస్తే 70 కన్నా తక్కువ కనిపిస్తే తీపి తినడమే వైద్యం. అప్పుడు చేతిలో చాక్లెట్ చూసి నవ్వుతారని దాన్ని జేబులో దాచుకునేవాళ్లున్నారు. నిజానికి చాక్లెట్‌లోని కొవ్వు చక్కెరను ఆలస్యం చేస్తుంది. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించడం మేలు. పావుగంటకు మళ్లీ కొలవాలి, తగ్గే ఉంటే మళ్లీ ఇవ్వాలి, కోలుకున్నాక ఏదైనా తినిపించాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యాలి.